కుండీల్లో వేసిన ఆముదం పిండి కుక్క తినేసింది. ఆగి చూడాలా, ఇప్పుడే తీసుకెళ్లాలా?

మిద్దెతోట_సుజాత · శనివారం రాత్రి 8:10
సాయంత్రం మిద్దె మీద వంగ, టమాటా కుండీలకి ఎరువుగా ఆముదం పిండి వేశాను. కుండీకి గుప్పెడు చొప్పున వేసి పైపైన మట్టి కప్పాను. కిందికి వచ్చేటప్పుడు చేతుల్లో ఆరిన బట్టలున్నాయి, తలుపు గడియ పెట్టడం మరిచిపోయాను. గంట తర్వాత వెళ్లి చూస్తే మా చిట్టి మూడు కుండీలు తవ్వేసి, మూతి నిండా మట్టితో కూర్చుంది. దేశీ కుక్క, రెండేళ్లది, 16 కిలోలుంటుంది. పిండి దాదాపు అంతా నాకేసింది. ఇప్పుడైతే మామూలుగానే ఉంది, తోక ఊపుతోంది, పెరుగన్నం కూడా తిన్నది. షాపతను "ఆర్గానిక్ అమ్మా, ఏమీ కాదు" అని చెప్పే ఇచ్చాడు. మా ఆయన పొద్దున దాకా చూద్దామంటున్నారు. ఎవరికైనా ఇలా జరిగిందా?

కాకినాడ_కాజా · 8:14
మా టామీ వేప పిండి ఎన్నిసార్లు తిన్నాడో లెక్కే లేదు. ఆ చేదుకి వాడే కక్కేసుకుంటాడు. టెన్షన్ పడకండి.

బెజవాడ_కిట్టు · 8:16
కాజా గారూ, వేప పిండి వేరు, ఆముదం పిండి వేరు. సుజాత గారూ, బస్తా మీద ఏం రాసుందో ఒకసారి చదవండి. ఆముదమే అయితే ఆగొద్దు.

మిద్దెతోట_సుజాత · 8:19
ఆముదమేనండి, చూశాను. కానీ ఆముదం చిన్నపిల్లలకి కూడా పట్టించేవాళ్లు కదా? మా అమ్మ మాకు నెలకోసారి పట్టించేది.

వరంగల్_వేణు · 8:21
అక్కా, ఉప్పు బాగా కలిపిన నీళ్లు తాగించు. మొత్తం కక్కేస్తది. ఊళ్లో మా నాయన అట్లనే చేసేటోడు.

గన్నవరం_వెట్ · 8:24
ఉప్పు నీళ్లు వద్దు, దయచేసి వద్దు. కుక్కకి ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ వస్తాయి. పిండి సంగతి తర్వాత, ఉప్పుతోనే ప్రాణం మీదికి వస్తుంది. పాలు, గుడ్డు తెల్లసొన, చింతపండు రసం, పసుపు నీళ్లు కూడా వద్దు. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

సుజాత గారూ, అమ్మగారు పట్టించింది నూనె. ఆముదం గింజలో రైసిన్ అనే విషం ఉంటుంది. అది నూనెలో కలవదు, గింజ గానుగాడాక మిగిలే పిండిలోనే ఉండిపోతుంది. వేడి తగిలితే కొంత చచ్చిపోతుంది గానీ మీ బస్తాలో ఎంత మిగిలిందో చూసి చెప్పలేం. తిన్న వెంటనే ఏ కుక్కయినా తోక ఊపుతూనే ఉంటుంది. వాంతులు, విరేచనాలు 6 గంటల తర్వాత మొదలవ్వచ్చు, ఒక్కోసారి రెండో రోజు. అప్పటికి విషం పేగుల్లోకి దిగిపోయి ఉంటుంది. దీనికి విరుగుడు మందు లేదు. తిన్న గంటా రెండు గంటల్లో కక్కించి, యాక్టివేటెడ్ చార్‌కోల్ (విషాన్ని పీల్చుకునే బొగ్గు పొడి) ఇవ్వడమే మన చేతిలో ఉన్న మంచి అవకాశం. తిని ఎంతసేపయింది?

మిద్దెతోట_సుజాత · 8:26
ఆరున్నర, ఏడు మధ్య తిని ఉంటుంది.

గన్నవరం_వెట్ · 8:27
బయల్దేరండి. దారిలో ఫోన్ చేసి డాక్టర్ ఉన్నారో లేదో కనుక్కోండి. బస్తా మీది లేబుల్ ఫోటో తీసుకోండి, ఒక గుప్పెడు పిండి కవర్లో వేసుకోండి. కుక్క బరువు, తిన్న టైమ్, ఎంత తిన్నదీ ఈ మూడూ అక్కడికి వెళ్లగానే చెప్పండి. మిగతావి తర్వాత.

బెజవాడ_కిట్టు · 8:28
మూతి, కాళ్లు తడిగుడ్డతో తుడిచి తీసుకెళ్లండి. దారిలో నాక్కుంటూ ఉంటుంది.

మిద్దెతోట_సుజాత · 8:29
ఆటో వచ్చింది. వెళ్తున్నాం.

కాకినాడ_కాజా · 8:35
రెండూ చెక్క పొడులే కదా, ఒకటే రకం అనుకున్నాను. తప్పు సలహా ఇచ్చాను, సుజాత గారూ. చిట్టికి ఏమీ కాకూడదు.

కడియం_నర్సరీ · 8:52
మాది నర్సరీ పనే, పదిహేనేళ్లుగా. కాజా గారు ఒక్కరే కాదు, మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఈ తేడా తెలియదు. అందరూ "పువ్వు ఎప్పుడు పూస్తుంది, ఎన్ని నీళ్లు పోయాలి" అనే అడుగుతారు. ఇంట్లో కుక్క ఉంది, ఏది కొనకూడదు అని అడిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

ఇంకో సంగతి. ఆముదం పిండి విడిగా కొనకపోయినా మీ ఇంట్లో ఉండొచ్చు. రెడీమేడ్ పాటింగ్ మిక్స్ బస్తాల్లో కోకోపీట్, వర్మీకంపోస్ట్‌తో పాటు వేప పిండి, ఆముదం పిండి, బోన్ మీల్ (ఎముకల పొడి) కలిపి అమ్ముతుంటారు. బోన్ మీల్ వాసన కుక్కకి బిర్యానీ వాసనలాంటిది. దాని కోసం తవ్వి పక్కనున్న ఆముదం పిండీ తినేస్తుంది. బోన్ మీల్ ఒక్కటే ఎక్కువ తిన్నా కడుపులో ముద్దకట్టి అడ్డం పడుతుంది. వెనకవైపు చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది, చదివి కొనండి.

పిల్లులమ్మ · 9:05
చిట్టి కోసం ఎదురుచూస్తున్నాను. ఈ లోపు పిల్లులున్నవాళ్లకి ఒక మాట చెప్పాలి.

పోయినేడు మా గృహప్రవేశానికి ఎవరో పెద్ద బొకే తెచ్చారు. అందులో తెల్లటి లిల్లీలు, ఒక్కోటి అరచేతంత. హాల్లో గాజు జాడీలో పెట్టాను. మా బుజ్జి ఆ పూల కింద పడుకుంది. ఒంటి మీద పసుప్పచ్చటి పుప్పొడి రాలితే నాలుకతో శుభ్రం చేసుకుంది. అంతే, ఆకు కొరికినట్టు కూడా లేదు. ఆ రాత్రి రెండుసార్లు కక్కింది, వెంట్రుకల ఉండ అనుకున్నాను. మర్నాడు మూల నక్కి పడుకుంది. మూడో రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే కిడ్నీలు రెండూ పోయాయన్నారు. నాలుగేళ్ల పిల్లి. లిల్లీ ఆకు, పువ్వు, పుప్పొడి, ఆఖరికి జాడీలో నీళ్లు కూడా పిల్లికి విషమేనట. ఆ సంగతి నాకు బుజ్జి పోయాకే తెలిసింది.

వరంగల్_వేణు · 9:11
అయ్యో అక్కా. మా ఇంట్ల పీస్ లిల్లీ ఉంది, పిల్లి కూడ ఉంది. తీసేయాల్నా?

గన్నవరం_వెట్ · 9:18
పిల్లులమ్మ గారు చెప్పింది ఆసియాటిక్, ఓరియంటల్ రకం లిల్లీల గురించి. డే లిల్లీ కూడా ఆ కోవలోదే. వాటితో పిల్లికి కిడ్నీలు దెబ్బతింటాయి. మొదటి 18 గంటల్లోపు సెలైన్ మొదలుపెడితే బతికించుకోవచ్చు, ఆ తర్వాత చాలా కష్టం.

పీస్ లిల్లీ పేరుకే లిల్లీ, అది వేరే కుటుంబం. దానిలో, మనీ ప్లాంట్‌లో, డంబ్ కేన్‌లో, చేమ ఆకులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. పచ్చి చేమ తింటే మనకి నోరు దురదపెట్టినట్టే వాటికీ నోరు మండుతుంది, చొంగ కారుతుంది. సాధారణంగా ప్రాణం తీయదు. అందనంత ఎత్తులో పెట్టండి, చాలు. లిల్లీ బొకే మాత్రం పిల్లి ఉన్న ఇంట్లో గుమ్మం దాటి లోపలికి రానివ్వొద్దు.

అనంత_మేకలు · 9:30
పెంపుడు జంతువులంటే కుక్కా పిల్లేనా? మేకలున్నోళ్లం కూడా ఉన్నాం ఇక్కడ.

మా పక్క వెంచర్‌లో ప్రహరీ పొడుగూతా గన్నేరు పెట్టారు. రెండేళ్ల కింద కొమ్మలు కత్తిరించి మా కంచె అవతల కుప్ప పోశారు. పచ్చి గన్నేరు మేక ముట్టదు, వాసన చూసి వదిలేస్తుంది. ఆ కుప్ప నాలుగు రోజులు ఎండింది. ఎండాక చేదు తెలియలేదో ఏమో, రెండు మేకలు తిన్నాయి. ఒకటి తెల్లారేసరికే చచ్చిపోయి ఉంది. ఇంకోదాని గుండె చెయ్యి పెట్టి చూస్తే ఒకసారి దడదడా, ఒకసారి అసలు లేనట్టు. అది మధ్యాహ్నానికి పోయింది. గన్నేరు ఎండినా విషం పోదు, అదొక్కటి గుర్తుపెట్టుకోండి.

కాకినాడ_కాజా · 9:38
గన్నేరు మా ఇంటి ముందు నలభై ఏళ్లుగా ఉందండి. రోజూ దేవుడికి ఆ పూలే. మూడు తరాల కుక్కలు దాని కిందే పడుకున్నాయి. అలాగని చెట్టు కొట్టేయాలా?

అనంత_మేకలు · 9:41
కొట్టమనలేదన్నా. కత్తిరించిన కొమ్మ ఎక్కడ పడేస్తున్నామో చూసుకోమన్నా.

గన్నవరం_వెట్ · 9:47
ఇద్దరి మాటా సరైనదే. చేదు కాబట్టి పెద్ద కుక్క దాని జోలికి పోదు. కానీ పళ్లు వస్తున్న కుక్కపిల్ల కనిపించిన ప్రతి పుల్లా నములుతుంది. విసిరి తెమ్మనే ఆటకి గన్నేరు పుల్ల వాడినవాళ్లనీ చూశాను. దానిలోని ఓలియాండ్రిన్ నేరుగా గుండె మీద పనిచేస్తుంది. పచ్చగన్నేరు కాయలోని గింజ కూడా అంతే. ఇప్పుడు అందరూ మిద్దె మీద పెంచుతున్న అడీనియం ఉంది కదా, ఎడారి గులాబీ, అదీ గన్నేరు కుటుంబమే. బొద్దుగా ఉన్న ఆ మొదలు కుక్కపిల్లకి బొమ్మలా కనిపిస్తుంది.

డాలస్_రమ · 9:55
ఇక్కడ మా పెరట్లో ముందటి ఓనర్లు పెట్టిన సైకస్ మొక్కలు మూడు ఉండేవి. ఇక్కడ సాగో పామ్ అంటారు, హైదరాబాద్‌లో విల్లాల ముందు కూడా చాలా చూశాను. నారింజ రంగు గింజలు కుక్క నోట్లో వేసుకుంటే లివర్ పోతుంది. మా పక్కింటివాళ్ల లాబ్రడార్ అలాగే పోయింది. ఇక్కడ జంతువుల విషాలకి 24 గంటలూ పలికే ఫోన్ లైన్లున్నాయి, ఫీజు తీసుకుంటారు గానీ అర్ధరాత్రయినా డాక్టర్ మాట్లాడతారు. మన దగ్గర అలాంటిది ఒకటుంటే సుజాత గారు ఇలా పోస్టు పెట్టి ఎదురుచూడాల్సిన పని ఉండేది కాదు.

కడియం_నర్సరీ · 10:02
సైకస్‌ని పామ్ అని అమ్ముతాం గానీ నిజానికి అది పామ్ కాదు. అదే అరికా పామ్ అయితే కుక్కలకీ పిల్లులకీ ప్రమాదం లేదు. పేరులో పామ్ ఉంది కదా అని రెండూ ఒకటనుకుంటారు.

వరంగల్_వేణు · 10:06
ఇన్ని చెప్తుంటే భయమైతుంది. ఇంగ మొక్కలేం పెట్టాలె మరి?

కడియం_నర్సరీ · 10:10
మందారం, గులాబీ, మల్లె, స్పైడర్ ప్లాంట్, అరికా పామ్. వీటితో కుక్కకి గానీ పిల్లికి గానీ ఏమీ కాదు. గులాబీ ముల్లు గుచ్చుకుంటే మాత్రం నా పూచీ లేదు తమ్ముడూ.

మిద్దెతోట_సుజాత · 10:48
ఇప్పుడే కాస్త ఊపిరి పీల్చుకున్నాను. ఇంజెక్షన్ చేసి కక్కించారు. పిండి, మట్టి, పెరుగన్నం కలిసి ఒక పెద్ద ముద్దలా వచ్చింది. అందులో ఆముదం గింజల తొక్కు పెంకులు నల్లగా మెరుస్తూ కనిపించాయి. తర్వాత నల్లటి చార్‌కోల్ పట్టించారు, ఇప్పుడు సెలైన్ ఎక్కుతోంది. చిట్టి మూతీ, డాక్టర్ గారి చొక్కా, నా చీరా అన్నీ నలుపే. ఇంకో గంట ఆగి ఉంటే ఇంత బయటికి వచ్చేది కాదన్నారు. మూడు రోజులు కనిపెట్టుకుని ఉండమన్నారు.

పిల్లులమ్మ · 10:50
అమ్మయ్య. ఈ రాత్రి దాని పక్కనే పడుకోండి.

పల్నాటి_రైతు · ఆదివారం ఉదయం 6:20
పొద్దున్నే మొత్తం చదివాను. మిద్దె తోటలవాళ్లు ఎలుకల మందు సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? మా ఇంట్లో దెబ్బతిన్నది దానితోనే.

గోదాంలో బ్రోమాడియోలోన్ కేకులు పెట్టాం. మా కుక్క రాముడు ఒక కేకు కొరికాడు. మొదటి రోజు ఏమీ లేదు, రెండో రోజూ ఏమీ లేదు. నాలుగో రోజు చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి, ముక్కులోంచి రక్తం. ఆ మందు రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, కానీ రక్తం గడ్డకట్టడానికి ఒంట్లో ముందే ఉన్న సరుకు అయిపోయేదాకా బయటికి తెలియదట. విటమిన్ కె1 నాలుగు వారాలు వాడాం. మధ్యలో బాగయ్యాడు కదా అని ఆపబోతే డాక్టర్ గారు తిట్టారు. బతికాడు, ఇప్పుడు తొమ్మిదేళ్లు.

గన్నవరం_వెట్ · ఉదయం 7:05
రైతు గారూ, మంచి పని చేశారు చెప్పి. ఎలుకల మందుల్లో ఏది తిన్నదో తెలియడం చాలా ముఖ్యం. నల్లటి పొడి, జింక్ ఫాస్ఫైడ్ అయితే కథ వేరు. అది కడుపులో ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. అప్పుడు అన్నం, పాలు ఏదైనా పెడితే కడుపులో ఆమ్లం పెరిగి ఇంకా ఎక్కువ గ్యాస్ వస్తుంది. ఏమీ తినిపించకుండా తీసుకెళ్లాలి. కారులో కక్కితే అద్దాలన్నీ దించేయండి, ఆ వాసన మనుషులకీ ప్రమాదమే.

బెజవాడ_కిట్టు · 7:40
మొక్కల మందుల్లో నాకు భయం గుళికలంటే. ఫోరేట్ గుళికల్ని 2020 డిసెంబర్ 31 నుంచి నిషేధించారు కానీ పాత డబ్బాలు ఇంకా మెట్ల కింద మూలుగుతుంటాయి. మా బాబాయి ఇంట్లో అలాంటి డబ్బానే, మూత సగం తుప్పు పట్టి ఊడింది, కుక్క నాకింది. పావుగంటలో నోటెంట నురగ, కళ్లెంట నీళ్లు, ఒళ్లంతా వణుకు. అట్రోపిన్ ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు పడ్డాయి. డబ్బా పట్టుకెళ్లడం వల్లే డాక్టర్‌కి ఒక్క క్షణంలో అర్థమైంది.

వరంగల్_వేణు · 8:15
వానలు పడ్డంక మా గల్లీల ఆఫ్రికన్ నత్తలు గోడలెక్కుతున్నయి. నత్తల మందు చల్లినం మొన్న. అది కూడ డేంజరా?

గన్నవరం_వెట్ · 8:30
అందులో మెటాల్డిహైడ్ ఉంటే చాలా డేంజర్. నత్తల కోసం తవుడులాంటి దాంట్లో కలిపి గుళ్లుగా చేస్తారు, కుక్కకి అది బిస్కెట్ లాగే ఉంటుంది. ఒకటి రెండు గంటల్లోనే వణుకు, ఫిట్స్, ఒంటి వేడి విపరీతంగా పెరగడం. చల్లినవి ఏరేయండి వేణు.

పల్నాటి_రైతు · 8:44
నత్తలకి మందెందుకు తమ్ముడూ. సాయంత్రం గోనెసంచి తడిపి గోడ వారన పరిచి, దాని కింద బొప్పాయి ఆకులో క్యాబేజీ ఆకులో పెట్టు. తెల్లారేసరికి అన్నీ దాని కిందికి చేరతాయి. చేతికి కవరు తొడుక్కుని ఏరి, ఉప్పు కలిపిన నీళ్ల బకెట్లో వెయ్యి. నిన్న అక్కకి చెప్పిన ఉప్పు నీళ్లు ఇక్కడ పనికొస్తాయి.

వరంగల్_వేణు · 8:46
😀 సరే అన్నా. ఇప్పుడే పోయి ఏరుతున్న.

డాలస్_రమ · 9:10
ఇంకొకటి. వంటింటి చెత్తతో కంపోస్ట్ చేసేవాళ్లు డబ్బాకి గట్టి మూత పెట్టండి. బూజు పట్టిన చెత్త తిన్నా కుక్కకి వణుకు, ఫిట్స్ వస్తాయి. మేము ఒకసారి చూశాం, మందు ఏదో తిన్నదనుకుని భయపడ్డాం. ఉల్లిపాయ తొక్కల నీళ్లు మొక్కలకి పోస్తారు కదా, ఉల్లి, వెల్లుల్లి రెండూ కుక్కలకీ పిల్లులకీ రక్తహీనత తెచ్చేవే.

కడియం_నర్సరీ · 9:25
వేరుశనగ చెక్క నానబెట్టి పోసేవాళ్లు కూడా చూసుకోండి. బూజు పట్టిన చెక్కలో అఫ్లాటాక్సిన్ ఉంటుంది, కుక్కల లివర్‌కి అది పడదు. వాసన తేడా వస్తే పారబోయడమే.

అనంత_మేకలు · 10:15
డాక్టర్ గారూ, వాన తప్పి వాడిపోయిన లేత జొన్న మేస్తే మేకలకి నాము తగులుతుంది కదా. గన్నేరు తిన్న మేకకీ నాముకి ఇచ్చే ఇంజెక్షనే పనిచేస్తుందా?

గన్నవరం_వెట్ · 10:40
లేదండి. జొన్న నాముకి కారణం సైనైడ్, దానికి సోడియం థయోసల్ఫేట్ ఇస్తాం. గన్నేరుది గుండె విషం, వైద్యం వేరు. మేకలు, గొర్రెలు, పశువుల విషయంలో 1962కి ఫోన్ చేయండి, రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనం కోసం అదే నంబర్.

మిద్దెతోట_సుజాత · సోమవారం ఉదయం 7:30
నిన్న మధ్యాహ్నం నుంచి విరేచనాలు, కొంచెం రక్తం కూడా పడింది. మళ్లీ సెలైన్‌కి తీసుకెళ్లాం. కక్కించాక కూడా లోపల కొంత మిగిలి ఉంటుందన్నారు. రాత్రంతా నా చెయ్యి మీదే తల పెట్టి పడుకుంది. తెల్లారుజామున నాలుగింటికి లేచి వెళ్లి తనంతట తానే నీళ్లు తాగింది. ఆ గిన్నె చప్పుడు విని మా ఆయన కూడా లేచి వచ్చి కూర్చున్నారు.

కాకినాడ_కాజా · 7:34
నీళ్లు తాగిందంటే మలుపు తిరిగినట్టే అక్కా.

గన్నవరం_వెట్ · 8:00
మంచి లక్షణం. డాక్టర్ గారు చెప్పేదాకా గట్టి ఆహారం వద్దు. ఆ తర్వాత మెత్తటి అన్నం, ఉడికించిన చికెన్, కారం, ఉప్పు లేకుండా కొంచెం కొంచెంగా. వారంలోపు ఒకసారి లివర్, కిడ్నీ పరీక్షలు చేయించండి.

మిద్దెతోట_సుజాత · బుధవారం సాయంత్రం 6:15
నిన్న అరకప్పు అన్నం తిన్నది. ఇవాళ గేటు దగ్గరికి పోయి పాలబ్బాయిని చూసి మొరిగింది. ఆ మొరుగుడికి నాకు ఏడుపొచ్చింది. ఇంట్లో ఇంకా మూడు కిలోల ఆముదం పిండి మిగిలింది. చెత్తబండికి వేస్తే వీధి కుక్కలు చింపుతాయేమోనని భయం. ఏం చేయాలి?

పల్నాటి_రైతు · 6:40
చెత్తలో వేయొద్దమ్మా. ఎవరిదైనా కంచె ఉన్న పొలంలో దుక్కిలో లోతుగా కలిపెయ్యాలి. కుక్కలు, పశువులు తిరిగే చోటు కాకూడదు. అప్పటిదాకా మూత బిగిసే డబ్బాలో పెట్టి పై అరలో ఉంచండి.

మిద్దెతోట_సుజాత · 6:52
మా తమ్ముడికి షాద్‌నగర్ దగ్గర కంచె వేసిన తోట ఉంది, ఆదివారం పంపిస్తాను. ఆ మూడు కుండీల్లో మట్టి కూడా తీసి సంచిలో కట్టేశాను. మిద్దె తలుపుకి స్ప్రింగ్ గడియ వేయించాం, చేతుల్లో ఏమున్నా దానంతటదే పడుతుంది. శుక్రవారం పొద్దున పదింటికి రక్తపరీక్ష. రిపోర్టు రాగానే ఇక్కడే పెడతాను, డాక్టర్ గారూ ఒకసారి చూడండి.

గన్నవరం_వెట్ · 7:05
తప్పకుండా. పరగడుపునే తీసుకెళ్లండి, నీళ్లు తాగొచ్చు.